షుగర్ అని తేలిన రోజు: బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో భయమెంత, నిజమెంత

బిలాస్‌పూర్: బొగ్గు రైలు నడిపే మనిషికి తన ఒంట్లో షుగర్ ఉన్న సంగతి చాలాసార్లు రోగిగా కాక ఉద్యోగిగా తెలుస్తుంది. రైలు భద్రతతో ముడిపడిన కొలువుల్లో ఉన్నవారందరూ నిర్ణీత గడువుల్లో వైద్య పరీక్షకు హాజరు కావాలి. వయసు పైబడే కొద్దీ ఆ గడువు దగ్గరపడుతూ వస్తుంది. చూపు, రంగుల గుర్తింపు, రక్తపోటు, రక్తంలో చక్కెర అన్నీ చూస్తారు. ఒంట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మొన్న రాత్రి కూడా డ్యూటీ చేసి వచ్చిన మనిషే. కాగితంపై మాత్రం పరగడుపు చక్కెర 160కి పైన అని ఉంటుంది. మళ్లీ చేయిస్తే మళ్లీ అంతే వస్తుంది. అప్పుడు ఆయన మనసులో ముందుగా మెదిలే ప్రశ్న ‘నాకేమవుతుంది’ అన్నది కాదు, ‘ఇక బండి ఎక్కనిస్తారా’ అన్నది.

ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలియాలంటే బిలాస్‌పూర్ సంగతి కొంత తెలియాలి. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ పట్టణం రైలుతో పెరిగింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తూర్పు దిక్కుగా పట్టాలు పరుచుకుంటూ వచ్చినప్పుడు ఇది కూడలి స్టేషన్ అయింది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడినప్పుడు దానికి ప్రధాన కేంద్రమైంది. కోర్బా గనుల నుంచి బయలుదేరే బొగ్గు ఈ డివిజన్ మీదుగానే దేశంలోని విద్యుత్ కేంద్రాలకు చేరుతుంది. పాత రైల్వే వెంట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడినట్టే ఇక్కడా తరాలుగా ఉన్నాయి. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, విజయనగరం మీదుగా వారిని ఇప్పటికీ సొంత ఊళ్లతో కలుపుతూనే ఉంది. అలాంటి ఇళ్లలో రైల్వే కొలువంటే క్వార్టర్, పిల్లల చదువు, ఆసుపత్రి, పింఛను అన్నీ కలిసిన బతుకు. లోకో పైలట్ ఇంట్లోనైతే జీతానికి తోడు నడిపిన దూరాన్ని బట్టి వచ్చే మైలేజీ కూడా ఉంటుంది. బండి దిగితే ముందు తగ్గేది అదే.

దాచాలన్న ఆలోచన

అందుకే కొందరు పరీక్షకు నాలుగు రోజుల ముందు అన్నం మానేస్తారు. కాకరకాయ రసం తాగుతారు, వేపాకు నములుతారు, రోజూ రెండు పూటలా నడుస్తారు. పరగడుపు చక్కెర ఒక్కటే చూసే రోజుల్లో ఈ ఉపాయం కొంత పనిచేసేది. మూత్ర పరీక్షనైతే మోసగించడం ఇంకా తేలిక. ఎందుకంటే రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప అది సాధారణంగా మూత్రంలోకి దిగదు.

హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ముందు ఈ ఉపాయం పారదు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. చక్కెర ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువగా అంటుకుంటుంది, ఆ కణం బతికి ఉన్నంతకాలం వదలదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఈ పరీక్ష నిన్న మొన్నటి పస్తును కాదు, గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. అది 6.5 శాతం, అంతకుమించి ఉంటే మధుమేహం. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే వ్యాధికి ముందు దశ. 7 శాతం అంటే సగటున డెసిలీటరుకు 154 మిల్లీగ్రాముల చక్కెర రక్తంలో తిరుగుతోందని లెక్క. మిగతా రెండు పరీక్షల గీతలు కూడా స్థిరమైనవే. పరగడుపున 126, గ్లూకోజు తాగించిన రెండు గంటలకు 200. వీటిని దాటితే, లక్షణాలేవీ లేనప్పుడు, మరొక పరీక్షతో నిర్ధారించుకున్నాకే వైద్యులు వ్యాధి పేరు చెబుతారు.

అయితే ఛత్తీస్‌గఢ్‌లో ఈ పరీక్షకే ఒక చిక్కు ఉంది, బయటివారు దాన్ని సులభంగా మరచిపోతారు. ఈ రాష్ట్రం సికిల్‌సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. ఆ వ్యాధి నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2023 జులై 1న ప్రారంభించింది పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో. అది బిలాస్‌పూర్-కట్నీ మార్గంలోని స్టేషనే. సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారిలో ఎర్రకణాలు తొందరగా నశిస్తాయి. చక్కెర అంటుకునేందుకు వాటికి తగినంత వ్యవధి దొరకదు. ఫలితంగా హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు అందినవారిలో కూడా కొన్ని రకాల యంత్రాల లెక్క తప్పవచ్చు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో దీనికి వ్యతిరేకంగా అంకె పెరిగి కనిపించే అవకాశం ఉంది. కనుక ఇంట్లో సికిల్‌సెల్ చరిత్ర ఉంటే ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. నేరుగా రక్తంలో చక్కెరను కొలిచే పరీక్షలపైనా, ఫ్రక్టోజమీన్ వంటి వేరే పరీక్షపైనా ఆధారపడటం అప్పుడు మేలు. గ్లూకోమీటరులో రోజూ 200 దాటుతూ హెచ్‌బీఏ1సీ మాత్రం 5.5 అని వస్తే సంతోషించడానికి ముందు సందేహించాలి.

ఉద్యోగం మాటేమిటి

షుగర్ అని తేలినంత మాత్రాన రైల్వే కొలువు పోదు. వైద్యపరంగా రైల్వే ఉద్యోగాలు ఏ-1 నుంచి సీ-2 వరకు విభాగాలుగా ఉన్నాయి. రైలు నడిపేవారు ఏ-1లో ఉంటారు, అక్కడి ప్రమాణాలు అన్నింటికంటే కఠినమైనవి. ఒక విభాగానికి తగని ఉద్యోగిని తగిన మరో పనిలోకి తీసుకోవడానికి రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్‌లో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మధుమేహం ముదిరి చూపు పోయి వైకల్యం ఏర్పడినా, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించకుండా, హోదా తగ్గించకుండా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రక్షణ ఇస్తుంది. నష్టమే లేదని దీని అర్థం కాదు. బండి దిగినవారికి రాబడిలోనూ, మనసులోనూ లోటు నిజమే. కానీ దాచడం వల్ల ఆ లోటు తప్పదు, వాయిదా పడుతుంది. వాయిదా పడిన కాలంలో కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతింటాయి. చివరికి వేటు పడేది ఆ చూపు పరీక్షలోనే.

రైలు నడిపేవారి విషయంలో వైద్యులు ఎక్కువగా ఆలోచించేది పెరిగిన చక్కెర గురించి కాదు, ఒక్కసారిగా పడిపోయే చక్కెర గురించి. 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమట, వణుకు, ఆకలి, గుండెదడ మొదలవుతాయి. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, నిర్ణయం తప్పుతుంది. వేల టన్నుల బొగ్గు లాగుతున్న ఇంజిన్‌లో ఎరుపు సిగ్నల్ ముందు ఆ స్థితి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ప్రమాదం అన్ని మందులతో సమానంగా ఉండదు. మొదటి మందుగా సాధారణంగా రాసే మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేటప్పుడు భోజనం ఆలస్యమైతే ఆ ముప్పు ఉంటుంది. కాబట్టి ‘నేను రైలు నడుపుతాను, నా డ్యూటీకి వేళాపాళా లేదు’ అన్న ముక్క వైద్యుడికి తెలిస్తేనే తగిన మందు దొరుకుతుంది. రైల్వే ఆసుపత్రికి తెలియకుండా బయట ప్రైవేటుగా మందు తెచ్చుకుని వాడే ఉద్యోగి ఈ ఒక్క మేలునూ పోగొట్టుకుంటున్నాడు. ఇది తనకే కాదు, వెనుక వచ్చే రైలుకు కూడా సంబంధించిన విషయం.

జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు, లేదా మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోవడం చిన్న జాగ్రత్తే. లక్షణాలు కనిపించగానే అది నోట్లో వేసుకోవాలి, పక్కనున్న అసిస్టెంట్‌కు చెప్పాలి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. పక్కనున్నవారికి విషయం తెలియకపోతే వణుకుతున్న మనిషిని చూసి తాగి వచ్చాడనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇది నిన్న మొదలైంది కాదు

కొత్తగా తేలినవారు తరచూ అనే మాట: ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాను.’ శరీరం లెక్క వేరు. టైప్ 2 మధుమేహంలో క్లోమంలోని బీటా కణాలు చాలా ఏళ్లపాటు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి లోపాన్ని కప్పిపుచ్చుతాయి. అలసిపోయాక లెక్క తప్పుతుంది. వ్యాధి తేలేనాటికి ఆ కణాల శక్తి దాదాపు సగం తగ్గి ఉంటుందని బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం అంచనా వేసింది. టైప్ 2 తేలిన రోజునే కంటి లోపలి పొరను పరీక్షించాలని, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలని, పాదాల స్పర్శ పరిశీలించాలని వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే. చూపు బాగానే ఉంది కదా అని కంటి పరీక్ష మానేయడం కాలనీల్లో తరచుగా జరిగే పొరపాటు. సిగ్నల్ స్పష్టంగా కనిపిస్తున్నా రెటీనాలోని సన్నని రక్తనాళాలు చిట్లడం మొదలై ఉండవచ్చు.

అదే అధ్యయనం ధైర్యమిచ్చే విషయం కూడా చెప్పింది. కొత్తగా వ్యాధి తేలిన 5,102 మందిని అది చేర్చుకుంది. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. అధ్యయనం ముగిశాక రెండు వర్గాల చక్కెర స్థాయుల మధ్య తేడా ఏడాదిలోనే చెరిగిపోయింది. అయినా పదేళ్ల తర్వాత, 2008లో చూసినప్పుడు, మొదట్లో అదుపు సాధించినవారికే మేలు కొనసాగుతూ ఉంది. మొదటి కొన్నేళ్ల శ్రద్ధను శరీరం గుర్తుపెట్టుకుందన్నమాట. ‘మందు మొదలుపెడితే జీవితాంతం వాడాలి, కొన్నాళ్లు ఆగుదాం’ అని వాయిదా వేసేవారు వదులుకునేది సరిగ్గా ఈ కాలాన్నే.

కంచంలో ఏముంది

ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. ఇక్కడి చీలా, ఫరా బియ్యప్పిండివే. రాత్రి అన్నాన్ని నీళ్లలో నానబెట్టి పొద్దున తినే బోరే బాసీ ఉత్తరాంధ్ర చద్దన్నానికి తోబుట్టువు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబానికి ఇక్కడి వంటిల్లు పరాయిదిగా అనిపించకపోవడానికి అదొక కారణం, షుగర్ వచ్చినప్పుడు ఇబ్బంది పడటానికీ అదే కారణం. రెండు వైపులా అన్నమే.

అన్నం విషం కాదు. కొలతే సమస్య. భారతీయులు తీసుకునే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ పరిశోధకులు 2025లో ప్రకటించారు. బియ్యం బదులు గోధుమ పిండి, చిరుధాన్యాల పిండి వాడుతూ మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకపోతే ముప్పు తగ్గినట్టు కనబడలేదని కూడా వారు చెప్పారు. చోళ్ల అంబలి, అరికెల అన్నం, సామల ఉప్మా మంచివే. ఛత్తీస్‌గఢ్‌లో కోదో, కుట్కీ పేరుతో దొరికేవి ఈ అరికెలు, సామలే. కానీ ‘ఇది షుగర్‌వాళ్ల అన్నం’ అని రెండు రెట్లు తింటే గ్లూకోమీటరు ఆ తేడాను గుర్తించదు. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటివి, పావు వంతు అన్నం లేదా రొట్టె అనే కొలత లెక్కలు రానివారు కూడా పాటించగలిగింది. చల్లారిన అన్నంలో కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారుతుందన్నది నిజమే. ఆ మేలు స్వల్పం. చద్దన్నం మానక్కర్లేదు గానీ, గిన్నె చిన్నది కావాలి, పక్కన ఉల్లిపాయతో పాటు పెరుగో, పప్పో ఉండాలి.

గూడ్సు బండి సిబ్బందికి ఇంకో ఇబ్బంది ఉంది. డ్యూటీకి పిలుపు ఏ వేళ వస్తుందో తెలియదు. అర్ధరాత్రి రన్నింగ్ రూమ్‌లో తిన్న అన్నం, మధ్యాహ్నం ఇంట్లో తిన్న అంతే అన్నం కన్నా రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతుంది. రాత్రి వేళ ఇన్సులిన్ పనితనం మందగించడమే దీనికి కారణం. ప్రధాన భోజనం డ్యూటీ ఎక్కక ముందే ముగించి, రాత్రికి వేయించిన శనగలు, ఉడికించిన గుడ్డు, మజ్జిగ వంటివి పెట్టుకోవడం కొంత నయం. మెలకువ కోసం తాగే తీపి టీల లెక్క ఎవరూ రాసుకోరు. ఆరు గ్లాసులు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అయితే రాత్రికి పన్నెండు చెంచాలు. చాలామందికి మొదటి నెలలో అంకె దిగివచ్చేది ఈ ఒక్క అలవాటు మారినప్పుడే.

ఇంట్లో వేరే వంట మొదలుపెట్టడం మంచి ఉద్దేశంతో చేసే పొరపాటు. ఆయనకొక గిన్నె, పిల్లలకొక గిన్నె అన్న ఏర్పాటు నెల తిరక్కముందే వండే మనిషిని అలసటకు గురిచేస్తుంది, తినే మనిషిని ఒంటరిని చేస్తుంది. పైగా తల్లిదండ్రుల్లో ఒకరికి టైప్ 2 ఉంటే పిల్లలకూ ముప్పు ఎక్కువే కాబట్టి ఆ కంచం అందరికీ పనికొచ్చేదే. మరో సంగతి. షుగర్ తేలింది ఇంటి ఇల్లాలికైతే ఈ పట్టింపు సగం కూడా కనిపించదు. భర్త పరీక్షకు ఉద్యోగం గడువు పెడుతుంది, ఆమె పరీక్షకు గడువు పెట్టేవారు లేరు. 30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. రైల్వే కార్డు లేని కాంట్రాక్టు కార్మికులకూ ఆ దారి తెరిచే ఉంది.

తప్పు ఎవరిది

కొత్తగా తేలినవారిలో చాలామందికి మందు కన్నా ముందు ఎదురయ్యేది నింద. ‘అంత తీపి తిన్నావు’ అని ఇంట్లో, ‘ఏం తిన్నానని’ అని తనలో తాను. బరువు, కూర్చుని చేసే పని, నిద్రలేమి, తిండి వీటికి పాత్ర ఉంది. వంశపారంపర్యానికి కూడా అంతే బలమైన పాత్ర ఉంది. దక్షిణాసియా వారిలో పొట్ట చుట్టూ కొవ్వు చేరే తీరు వల్ల తక్కువ బరువులోనే వ్యాధి వస్తుంది. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము చుట్టుకొలతను అందుకే హెచ్చరికగా చూస్తారు. ఐసీఎంఆర్-ఇండియాబ్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారు. ఇంతమంది తప్పు చేశారనడం కన్నా, ఇంతమందికి ఒకే రకమైన జీవితం ఎదురైందనడం సమంజసం.

అందరూ లావుగా ఉంటారనుకోవడం కూడా పొరపాటే. బిలాస్‌పూర్‌కు చేరువలోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పనిచేస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు కొందరు 1990ల చివర్లో పల్లె ప్రజల వైద్యం కోసం దీన్ని మొదలుపెట్టారు. బక్కపలచని పేదల్లో కనిపించే మధుమేహం గురించి ఆ వైద్యులు ఎంతో కాలంగా మాట్లాడుతున్నారు. అలాంటివారికి బరువు తగ్గమనే సలహా కీడు చేస్తుంది. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో టైప్ 5గా గుర్తించింది కూడా. సన్నగా ఉండి, బరువు ఇంకా తగ్గిపోతూ, అతిగా దాహం వేస్తుంటే అది నిజంగా టైప్ 2 యేనా అని వైద్యుణ్ని అడగడం అవసరం.

గనియారీ నుంచి నేర్చుకోదగిన మరో పద్ధతి రోగుల బృందాలు. మధుమేహం, రక్తపోటు, సికిల్‌సెల్ వంటి దీర్ఘకాలిక వ్యాధులున్నవారిని పల్లెల్లో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకునేలా చేస్తారు. మందు మానేసినవారు ఎందుకు మానేశారో అక్కడ బయటపడుతుంది. డాక్టరు ముందు రాని మాట తోటి రోగి ముందు వస్తుంది. రైల్వే కాలనీలో అలాంటి బృందానికి కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. పదేళ్లుగా షుగర్‌తో డ్యూటీ చేసి రిటైరైన పెద్దలు గుడి అరుగుల మీద, పార్కు బెంచీల మీద రోజూ కనిపిస్తూనే ఉంటారు. కొత్తగా తేలినవారికి వారితో గడిపే గంట విలువైనది. వ్యాధి భారంతో మనసు కుంగడం, రోజూ అంకెలు చూసి విసిగిపోవడం మధుమేహంలో విడిగా గుర్తించిన ఇబ్బందే. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం వారాల తరబడి కొనసాగితే అది కూడా వైద్యుడికి చెప్పాల్సిన లక్షణమే.

పూర్తిగా పోతుందా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, ఆరేళ్ల లోపు వ్యాధి తేలిన, అధిక బరువున్న వారికి వైద్య పర్యవేక్షణలో కొన్ని నెలలపాటు చాలా తక్కువ శక్తినిచ్చే ఆహారం ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందిలో మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయి కన్నా కింద నిలిచింది. 15 కిలోలు, అంతకుమించి బరువు తగ్గినవారిలో అది 86 శాతం. బరువు తిరిగి పెరిగినవారిలో వ్యాధి తిరిగి తలెత్తింది. కాబట్టి వైద్యులు దీన్ని నయం కావడం అనరు, ఉపశమనం అంటారు. యూట్యూబ్‌లో చూసి సొంతంగా పస్తులుండటం మాత్రం, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ వాడుతూ రాత్రి డ్యూటీ చేసేవారికి, ప్రాణాంతకం కావచ్చు.

మొదటి మూడు నెలల్లో చేయదగినవి చాలా లేవు. వారంలో రెండు మూడు రోజులు పరగడుపున, తిన్న రెండు గంటలకు చక్కెర చూసి, ఆ రోజు డ్యూటీ ఏ వేళదో పక్కన రాసుకోవాలి. మెట్‌ఫార్మిన్‌తో మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు. భోజనంతో పాటు వేసుకుంటే, మోతాదు మెల్లగా పెంచితే అవి తగ్గుతాయి. మానేసే ముందు వైద్యుడికి చెప్పాలి. కంటి పరీక్ష తేదీ తీసుకోవాలి. భోజనం తర్వాత పావుగంట నడిచినా తిన్న తర్వాతి చక్కెరలో తేడా కనిపిస్తుంది. మూడు నెలలు గడిచాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించినప్పుడు, మొదటి పరీక్షనాటి ఎర్రకణాల్లో చాలా భాగం ఒంట్లో మిగిలి ఉండవు. వైద్యుడి బల్ల మీదకు వచ్చే రెండో అంకె ఈ మూడు నెలలదే.